పిల్లలకు పెట్టుబడి ఇచ్చితే చాలునా?



ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాయుమని మన సంఘము పెద్దలు అడిగినారు. నేను పండితుడను కాను. పదవ తరగతితో చదువు ఆపి, బళ్ళారిలో మా నాయనగారి బట్టల అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడను. కూర్చుని నలుబది ఏండ్లు కావచ్చినది. కాబట్టి పెద్ద శాస్త్రవిషయము వ్రాయుటకు సాహసింపక, మా అంగడిలో తరచు వినబడు ప్రశ్న ఒకటి తీసుకొనుచున్నాను. మన పిల్లలు వచ్చి, "మామా, వ్యాపారము పెట్టవలెనని ఉన్నది. గవర్నమెంటు డబ్బు ఏదైన వచ్చునా? ఎవరిని అడుగవలెను?" అందురు. దీనికి రెండు జవాబులు కలవు. ఒకటి లెక్కకు సంబంధించినది, రెండవది ధర్మమునకు సంబంధించినది. మొదటిది త్వరగా చెప్పి రెండవదానికి వచ్చెదను.

ఊరక వచ్చు డబ్బు మిక్కిలి తక్కువ అని మొదట తెలిసికొనవలెను. 2015 ఏప్రిలులో ప్రారంభమైన ముద్రా పథకమును చాలమంది గ్రాంటు అనుకొందురు. అది గ్రాంటు కాదు, అప్పు. తాకట్టు అడుగరు, అంతే. రూ. 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని మెట్లు పెట్టినారు. తరుణ్ అప్పు చక్కగా తీర్చినవారికి 20 లక్షల దాకా ఇచ్చునట్లు 2024లో పెంచినారు.

నిజముగా సబ్సిడీ ఉన్నది 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకములో. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జైనులను అల్పసంఖ్యాకులుగా ప్రకటించినది గనుక మన పిల్లలు అందులో ప్రత్యేక తరగతి క్రిందికి వత్తురు. ఆ తరగతికి ప్రాజెక్టు ఖర్చులో పట్టణమున నూటికి 25, పల్లెలో నూటికి 35 సబ్సిడీ అనియు, సొంత పెట్టుబడి నూటికి 5 అనియు నియమము చేసినారు. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండి, వ్యాపారము నడుచుచున్నదని చూచుకొన్న పిమ్మట అప్పులో జమ పడును. మూడేండ్లు నిలువలేనివానికి ఆ ఫలము లేదు. అల్పసంఖ్యాకుల అభివృద్ధి కొరకు 1994లో ఏర్పడిన జాతీయ ఆర్థిక సంస్థ రాష్ట్రములలోని సంస్థల ద్వారా తక్కువ వడ్డీకి అప్పులిచ్చును. దానికి కుటుంబ ఆదాయపు పరిమితి కలదు. 2021లో వచ్చిన స్టార్టప్ సీడ్ ఫండు క్రింద 20 లక్షల వరకు గ్రాంటు పెట్టినమాట నిజమే. కాని అది కొత్త వస్తువును కనిపెట్టి నమూనా చేయువారికి, ఇన్‌క్యుబేటర్ల ద్వారా ఇచ్చుటకు పెట్టినది. నావంటి బట్టల అంగడికి కాదు.

పథకముల నియమములు మారుచుండును గనుక దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రమునకు పోయి అడుగవలెను. దళారి వెంట పోరాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితము. దానికి వేలు గుంజువారిని నేను చూచినాను. ఇంకొక చిక్కు మనబోటివారిది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు మా బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము. తమిళనాడులో, ఒడిశాలో ఉన్న మనవారికిని ఇట్టిదే అవస్థ. ఫారము నింపునప్పుడు ఆ భాష చక్కగా వచ్చిన పెద్ద ఒకడు ప్రక్కన కూర్చున్న చాలును, సగము భయము పోవును.

లెక్క ఇంతటితో ముగిసినది. ఇక ధర్మము సంగతి.

సబ్సిడీ తీసికొనుట తప్పా అని కొందరు అడుగుదురు. అవసరమున్నవాడు తీసికొనుట తప్పు కాదు, అది బిచ్చమును కాదు. కాని తండ్రి నడుపుచున్న అంగడినే బోర్డు మార్చి కొడుకు పేర కొత్త వ్యాపారమని చూపించి తీసికొన్నచో అది ఏమగును? కొత్త వ్యాపారమునకే ఇయ్యవలెనని నియమము ఉన్నది గదా. మన అస్తేయ వ్రతమునకు శాస్త్రకారులు చెప్పిన అయిదు అతిచారములలో దొంగసొమ్ము కొనుట, తప్పుడు తూకము, కల్తీ సరుకులతోపాటు రాజ్య నియమమును అతిక్రమించుట కూడ కలదు. "అందరు చేయుచున్నారు" అన్నది అంగడిలో చెల్లును గాని వ్రతములో చెల్లదు. ఇంటిలో పెట్టుబడి నిండుగా ఉండి, చట్టము అడ్డురాలేదు గదా అని బీదవాని వంతు తీసికొన్నవాడును ఒకసారి సామాయికములో కూర్చున్నపుడు ఈ మాట తలచుకొనుట మంచిది.

పిల్లల తప్పు వ్రాసితిని. ఇక పెద్దల తప్పు వ్రాయవలెను. దానికి నా సంగతియే చెప్పెదను.

1998 ప్రాంతమున నేను పల్లె అంగళ్ళకు బట్టలు ఉద్దెర మీద వేసితిని. పంట వచ్చినపుడు ఇత్తుమన్నారు. రెండేండ్లు వరుసగా పంట సరిగా రాలేదు. బాకీలు నిలిచిపోయినవి. ఆ నష్టమును తీర్చుటకు ఏడేండ్లు పట్టినది. ఇంటిలో తప్ప ఎవరికిని చెప్పలేదు. బజారులో మాట పోవునని భయము. ఆ ఆవర్జా పుస్తకమును బీరువాలో అడుగున పెట్టితిని.

2011లో మా అన్నగారి వరుస వాని కొడుకు ఒకడు రెడీమేడు దుస్తులు టోకుగా తెచ్చి పల్లెలకు వేయుదునని వచ్చినాడు. చురుకైన పిల్లవాడు. బ్యాంకు కొంత ఇచ్చినది. నేను రెండు లక్షలు వడ్డీ లేకుండ ఇచ్చితిని. సంఘములో నన్ను మెచ్చుకొన్నారు. ఆ మెప్పు నాకు తియ్యగానే ఉండెను. డబ్బు తీసికొనుటకు ముందు వాడు ఒక మాట అడిగినాడు. "చిన్నాయనా, పల్లెలో ఉద్దెర ఇచ్చి నిలువగలమా? నీవు ఎప్పుడైన చేసినావా?" నేను పుస్తకము తీసి చూపవలసిన క్షణము అదియే. నేను, "అంతయు కర్మాధీనము నాయనా, ధైర్యముగా చేయి" అంటిని. నా పరువు కాపాడుకొనుటకు కర్మసిద్ధాంతమును అడ్డము పెట్టుకొంటిని.

రెండున్నర ఏండ్లకు అంగడి మూతపడినది. నా రెండు లక్షలు పోయినవి, అది పెద్ద మాట కాదు. వాని భార్య నగలు పోయినవి. వాని వయస్సులో మూడేండ్లు పోయినవి. ఆ తరువాత వచ్చిన దీపావళికి కొత్త పుస్తకములు తెరచునపుడు బీరువా సర్దుటకు వాడు నాకు సాయము వచ్చినాడు. అడుగున ఉన్న పాత ఆవర్జా వాని చేతికి తగిలినది. పుటలు త్రిప్పి, పల్లెల పేర్లు చదివి, ఏమియు అనలేదు. కొంతసేపటికి, "వీరిలో నలుగురు నాకును ఇయ్యలేదు చిన్నాయనా" అని మాత్రము అన్నాడు. మహావీర స్వామి నిర్వాణ దినమున ఆ మాట వింటిని. నాకు బదులు రాలేదు.

అప్పటి నుండి నేను ఆలోచించుచున్నాను. మన ధర్మములో దానములు నాలుగు: ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము. రెండు లక్షలు ఇచ్చి నేను దానము చేసితినని అనుకొంటిని. వాడు అడిగినది జ్ఞానము. అది నా బీరువాలో ఉండి కూడ ఇయ్యలేదు. జ్ఞానావరణీయ కర్మ ఎందువలన చేరునో తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయములో చెప్పబడినది. తెలిసినదానిని దాచుట, అనగా నిహ్నవము, అందులో ఒకటి. ఇతరుడు తనకు సమానుడగునను ఓర్వలేనితనముతో చెప్పకుండుట, అనగా మాత్సర్యము, మరియొకటి. అది మోక్షమార్గ జ్ఞానమును గురించి చెప్పినదని పండితులు అనవచ్చును. నేను కాదనను. కాని అడిగినవాని నోట కూడు పోవుచుండగా దాచిన జ్ఞానము అంగడి జ్ఞానమైనంత మాత్రాన పాపము కాదనుటకు నా మనస్సు ఒప్పుకొనుట లేదు.

దీనికి ఆక్షేపణలు కలవు. "వ్యాపార రహస్యము చెప్పివేసినచో వాడే రేపు ఎదురు అంగడి పెట్టును, మన పిల్లలేమి తినవలెను?" అని ఒక మిత్రుడు నన్ను అడిగినాడు. న్యాయమైన ప్రశ్నయే. నా ఖాతాదారుల పట్టిక, నేను సరుకు తెచ్చు చోటు, నా ధర చెప్పవలెనని నేను అనుట లేదు. లాభము వచ్చు దారి దాచుకొన్నను దాచుకొనవచ్చును, గృహస్థునకు జీవనము కావలెను గదా. నష్టము వచ్చిన దారి దాచుటకు మాత్రము ఏ కారణమును లేదు, ఒక్క అభిమానము తప్ప. అది చెప్పినందున నా గల్లాలో కాసు తగ్గదు. పరిగ్రహమనగా బంగారము, భూమి మాత్రమే కాదు. పరువును మూటగట్టి కూర్చొనుటయు పరిగ్రహమే.

"నేటి పిల్లలు మన మాట విందురా? వారి వ్యాపారము ఫోనులో నడుచును" అని మరియొక ఆక్షేపణ. ఇందులోను నిజము ఉన్నది. ఆన్‌లైనులో అమ్ముట నాకు రాదు. రాని సంగతిలో సలహా చెప్పరాదు. అయినను అప్పు ఇచ్చినవాడు తిరిగి ఇచ్చునా, ఆరు నెలలు అమ్మకము లేకున్న అద్దె ఎక్కడి నుండి కట్టవలెను, భాగస్వామితో కాగితము వ్రాసుకొన్నామా, ఇంటిఖర్చు అంగడి డబ్బులో కలియుచున్నదా, ఈ ప్రశ్నలు ఫోనులో అమ్మినను మారవు. మనము ప్రశ్న అడుగవలెను, నిర్ణయము వానిది. వలదన్నను చేసెదనన్నచో కోపగించరాదు.

ఈ మార్గమున నడిచిన సంస్థలు మన కంటి ఎదుటనే కలవు. మా కర్ణాటకములో ధర్మస్థల ధర్మాధికారి డాక్టర్ వీరేంద్ర హెగ్గడేగారు, వారు జైనులే, సిండికేట్, కెనరా బ్యాంకులతో కలిసి 1982లో ఉజిరెలో రుడ్‌సెట్ సంస్థను స్థాపించినారు. నిరుద్యోగ యువకులకు భోజనము, వసతి ఇచ్చి, ఉచితముగా పని నేర్పి, అటుపిమ్మట కూడ వారి మంచిచెడ్డలు విచారించుట దాని పద్ధతి. ఆ పద్ధతినే తరువాత కేంద్ర ప్రభుత్వము దేశమంతట జిల్లాలలో బ్యాంకుల ద్వారా పెట్టించినది. 1992లో ఆరంభమైన భారతీయ యువశక్తి ట్రస్టు కూడ అప్పుతోపాటు అనుభవజ్ఞుడైన పెద్దను ఒకనిని యువకునకు తోడు చేయు పద్ధతి పెట్టినది. ఈ రెండింటిలోను డబ్బు ఒంటరిగా పోలేదు, మనిషి వెంట పోయినాడు. నేను రెండు లక్షలను ఒంటరిగా పంపితిని.

కావున మన సంఘములకు నా మనవి ఇది. ప్రతి ఊరిలో నెలకొక ఆదివారము పూజ ముగిసిన పిమ్మట ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒక గంట కూర్చొనవలెను. కొత్తగా వ్యాపారము పెట్టు పిల్లవాడు, పిల్ల, ఎవరైనను వచ్చి అడుగవచ్చును. పెద్దలు తమ పాత పుస్తకములతో రావలెను. సంఘము డబ్బు ఇచ్చుటైన దానముగా కాక చిన్న అప్పుగా, వాయిదాల మీద ఇచ్చుట మేలని నా అభిప్రాయము. తిరిగి వచ్చిన రూపాయి మరియొకనికి పనికివచ్చును, తీసికొన్నవాడును తలయెత్తి నడుచును. కాని నిజముగా పంట పోయినట్లు వ్యాపారము పోయినవానిని సభలో నిలబెట్టి అడుగరాదు. అభయము కూడ దానమే గదా.

మా అన్న కొడుకు ఇప్పుడు చిన్న అంగడి నడుపుచున్నాడు. ఉద్దెర లేదు, చేతి డబ్బే. లాభము కొద్ది, నిద్ర పట్టుచున్నదని చెప్పును. పోయిన సంవత్సరము మా ఇంటికి ఒక కుర్రవాడు వ్యాపారమునకు సలహా అడుగుటకు వచ్చినపుడు వాడును అక్కడ ఉండెను. నేను నోరు తెరచులోపల వాడు లేచి పోయి బీరువాలోని నా పాత ఆవర్జా తెచ్చి ఆ కుర్రవాని ముందు పెట్టి, "మొదట ఇది చదువు, తరువాత నాది తెచ్చి ఇచ్చెదను" అన్నాడు. నాకు సిగ్గు వేయలేదు. ముందే వేయవలసిన సిగ్గు అది.

జై జినేంద్ర.