అంతకు ముందు ఇక్కడ ఎవరున్నారు?

ఇంద్రకీలాద్రి వీడియో చూసినవాళ్లకి ఒక చిన్న ప్రశ్న. కొండ దిగువన అక్కన్న మాదన్న గుహలున్నాయి కదా, వాటిని చెక్కించింది ఆ అన్నదమ్ములేనా? కాదండి. వాళ్లు 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా దగ్గర మంత్రులు, భక్త రామదాసుకి మేనమామలు. గుహలు వాళ్లకంటే దాదాపు వెయ్యేళ్లు పాతవి. తొలిచినవాళ్ల పేరు పోయింది, తర్వాత వచ్చినవాళ్ల పేరు నిలిచింది.

ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణ దాటి ఉండవల్లి వెళ్తే ప్రశ్న ఇంకా గట్టిగా ఎదురవుతుంది. ఒకే కొండని తొలిచిన నాలుగు అంతస్తులు. పైన అనంత పద్మనాభస్వామి శేషశయనం మీద పడుకుని ఉంటాడు. చూడగానే చేతులు వాటంతటవే జోడిస్తాం. కానీ కింది అంతస్తు సగంలో ఆగిపోయి ఉంది. గుహ వరసలు చూసి ఇది బౌద్ధ విహారంగా మొదలైందని కొందరు, జైనులదని కొందరు అంటారు.

ఇక్కడే మన వయసు వాళ్లలో రెండు రకాల మాటలు వింటుంటాను. "ముందు నుంచీ ఇది మనదే, బోర్డు తప్పు" అనేవాళ్లు ఒకరు. "కింద వేరే వాళ్లుంటే పైన మీ దేవుడు ఆక్రమణే కదా" అనేవాళ్లు ఇంకొకరు. పోట్లాడుకుంటారు గానీ, ఇద్దరూ నమ్మేది ఒకటే: ముందొచ్చినవాడికే హక్కు అని. నాకు తప్పు అక్కడే కనిపిస్తుంది. స్వామి ముందు నిలబడ్డవాడి కళ్లలో నీళ్లు రావడానికి ఆ గుహకి తొలి యజమాని ఎవరో తేలాలా?

"బుద్ధుడు కూడా విష్ణువు అవతారమే, గొడవేముంది" అని సర్దేసేవాళ్లూ ఉన్నారు. భక్తికి అది సరిపోవచ్చు. కానీ ఉలి పట్టిన చేతులు ఎవరివి అన్న ప్రశ్నకి అది జవాబు కాదు, దాటవేత.

మనవాళ్లు మనవాళ్లనే ఎలా గీత గీసి ఆపారో కూడా ఈ ఊళ్లోనే ఉంది. మల్లేశ్వరస్వామి గుడి దగ్గర దొరికిన యుద్ధమల్లుడి శాసనం 10వ శతాబ్దం నాటిది, నన్నయ కంటే ముందుది. మధ్యాక్కర పద్యాల్లో ఉంటుంది. కుమారస్వామి గుడి, మఠం గురించి చెప్తూ, ఆ మఠంలో గొరగలు, అంటే ఒక రకం శైవులు, తప్ప వేరేవాళ్లు ఉండకూడదంటుంది. ఉంటే కాశీకి చేటు చేసినంత పాపమట! మా ఆఫీసు భాషలో చెప్పాలంటే రాజుగారు యాక్సెస్ కంట్రోల్ పెట్టారు. ఇవాళ మల్లేశ్వరుడి దర్శనానికి వెళ్లేవాళ్లని నువ్వు గొరగవేనా అని ఎవరూ అడగరు. రాజు పెట్టిన తాళం ఊడిపోయింది. ఆయన పద్యం మాత్రం తెలుగువాళ్లందరిదీ అయింది.

అలాగని పాతది ఏదైతే ఏంటి, నేను దండం పెట్టుకుని వచ్చేస్తా అనడం కూడా నాకు నచ్చదు. పాత గుహల గోడల మీద ప్రేమజంటల పేర్లు చెక్కేవాళ్లు, కనిపించిన ప్రతి బొమ్మకీ ఏ దేవుడో తెలియకుండానే కుంకుమ పులిమేవాళ్లు ఎంతమంది లేరు! రెండోది భక్తే కావచ్చు. కానీ అది ఎవరి బొమ్మో ఒక్క నిమిషం ఆగి చదవడానికి తీరిక లేని భక్తి. పురావస్తు శాఖ బోర్డు చదివితే ఏ స్వామికీ కోపం రాదు.

పుష్కరాల్లో తర్పణం వదిలేటప్పుడు పంతులుగారు చెప్పించేది గమనించారా? నాన్న, తాత, ముత్తాత దగ్గర ఆపరు. కారుణ్య పితృదేవతలని ఇంకా ఎందరినో తలుచుకోమంటారు. చివరికి ఎవరూ లేనివాళ్ల పేరున కూడా నీళ్లు వదిలిస్తారు. గోత్రం తెలియదు, పేరు తెలియదు, అయినా వదులుతాం. ఉండవల్లిలో కింది అంతస్తు పూర్తిచేయకుండా వెళ్లిపోయినవాళ్లూ ఈ కృష్ణ నీళ్లే తాగి ఉంటారు. మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. ఈసారి రేవులో దిగినప్పుడు, ఆ ఆఖరి దోసిలిలో వాళ్లనీ తలుచుకుందామని ఉంది నాకు.