పువ్వు రంగు – వర్తకుని మాట

చెన్నై నగరమున ఇండ్లు ఇరుకు, నేల కరవు. అందుచేత డాబాలమీదను, వరండా గట్లమీదను పెంచదగిన చిన్న కాక్టస్ మొక్కలపై పలువురికి మక్కువ కలిగినది. ఇసుక కలిసిన మన్ను, నీరు నిలువని కుండీ, ఉదయపు ఎండ ఉన్న చాలును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలలో కుళ్లిపోకుండ కాపాడుటయే ఇక్కడ పెద్ద పని. ముండ్ల నడుమ మొగ్గ కనిపించిన నాడు ఇంటిల్లిపాదికిని పండుగ.

పువ్వు విచ్చిన పిమ్మటనే చిక్కు పుట్టును. ఎరుపు అని కొని తెచ్చిన మొక్క లేత గులాబిరంగు పూయును. ఒకే కాయలోని గింజలనుండి మొలిచిన రెండు మొక్కలలో ఒకదాని రంగు ముదురు, రెండవదాని రంగు వెలవెల. అమ్మినవాడు మోసగించినాడని ఇంటివారు నిశ్చయింతురు. ఈ తీర్పు న్యాయమేనా?

కాక్టస్ జాతులలో పెక్కింటికి తమ పుప్పొడి తమకు పనికిరాదు. వేరొక మొక్కనుండి రావలెను. కనుక గింజ మొక్కలలో ఇరువైపుల పోలికలు కలిసి, తోబుట్టువులలోవలె భేదము కలుగుట సహజము. పిలకను వేరుచేసి నాటినచో సాధారణముగా తల్లిమొక్క గుణమే వచ్చును. ఆ పిలక పువ్వు సైతము ఎండను బట్టి, విచ్చిన వేళను బట్టి ముదురుగనో లేతగనో తోచును. ఎకినాప్సిస్ జాతులలో కొన్ని రాత్రి విచ్చి మరునాడు వాడిపోవును. రాత్రి చూచినవాడు నిండుపువ్వనును. మధ్యాహ్నము చూచినవాడు వడలినదనును. చూచినంతవరకు ఇద్దరి మాటయు నిజమే. తాను చూచినదే సర్వమన్నచో ఇద్దరిదియు తప్పే.

అనేకాంతము నెరిగిన కుటుంబములకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒక దృష్టితో పలికిన మాట నయము. తక్కిన దృష్టులను త్రోసివేసినచో అదే దుర్నయము. అయితే వర్తకుడు ఈ సిద్ధాంతమును చాటుగా వాడుకొనరాదు. ‘స్యాత్’ అనగా ‘ఏమో’ అని అర్థము కాదు. ‘ఈ అపేక్షచేత’ అని అర్థము. అది మాటను జారవిడుచుట కాదు, మాటకు హద్దు చెప్పుట.

కొన్ని దేశముల దుకాణములలో ఎండుపువ్వును జిగురుతో కాక్టస్ తలపై అంటించి అమ్ముట కలదు. నర్సరీలలో ఎర్రని తలతో కనబడు జిమ్నోకాలిసియం మరియొక ఉదాహరణము. ఆ ఎరుపు పువ్వు కాదు; పచ్చదనము లేని కాండము. తన ఆహారము తాను చేసికొనలేక, అడుగున అంటుకట్టిన వేరొక కాక్టస్ మీద అది బ్రతుకును. దానిని ఉన్నదున్నట్లు చెప్పి అమ్ముటలో తప్పు లేదు. వాడని పువ్వని చెప్పి అమ్మినచో, అచౌర్యవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో ఒకటైన ప్రతిరూపక వ్యవహారము అదియే.

రంగు కొరకే కాక్టసును చూచిన కథ యొకటి ఈ నగరమునకే కలదు. 18వ శతాబ్దము చివర ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ పూనికతో సైదాపేటలో నాగజెముడు తోట వెలసెను. అది పువ్వుల కొరకు కాదు. ఆ మొక్కపై బ్రతుకు కొచినీల్ పురుగులను పెంచి, చంపి, ఎండబెట్టి ఎర్రరంగు తీయవలెనని ఆశ. 1795లో కలకత్తాకు ఓడపై వచ్చిన పురుగులను మేలురకమనుకొనిరి. అవి అడవిరకమని పిమ్మట తేలెను. వాని రంగు తక్కువ, ఆకలి మెండు. కాలక్రమమున నాగజెముడు పొదలనే నాశనము చేసినవి. పైపోలికను నమ్మి చేసిన వ్యాపారమున లాభము రాలేదు సరికదా, ఎన్నియో ప్రాణములు వ్యర్థముగా పోయినవి.

నేటి డాబామీద జరుగు హింస అంత పెద్దది కాదు. కాని దాని మూలము వేరు కాదు. కోరిన రంగు పూయలేదని కుండీని మూలకు నెట్టి నీరు మానివేయుదురు. వనస్పతి ఏకేంద్రియ జీవము. ఎర్రగా పూసెదనని అది ఎవరికిని మాట ఇయ్యలేదు. మాట ఇచ్చినవాడు మనుష్యుడు. అతని తప్పునకు మొక్క శిక్ష అనుభవింపనేల?

కావున అమ్మువాడు, “తల్లిమొక్క ఎర్రగా పూసినది, ఇది గింజ మొక్క, రంగు మారవచ్చును” అని చెప్పవలెను. ఒక్కొక్కప్పుడు ఆ మాటతో బేరము తప్పిపోవును. తప్పినను చెప్పవలసినదే, నష్టము లేని చోట పలికిన సత్యము వ్రతమునకు పరీక్ష కాదు. కొన్నవాడును వచ్చిన రంగును వచ్చినట్లు స్వీకరించి, మొక్కకు నీరు పోయవలెను. గుజ్జరి, బట్టలు, బంగారము ఏ వర్తకమునకైనను ఈ న్యాయము ఒక్కటే: తెలిసినది తెలిసినంతవరకే చెప్పుట.