తటస్థుడు ఎక్కడ నిలబడాలి?

రామన్నపేట వైపు పల్లెల్లో ‘పంచాయితీ’ అనే మాటకు రెండర్థాలున్నాయి. తగవూ పంచాయితీయే, దాన్ని తీర్చడానికి కూర్చున్న పెద్దమనుషుల కూటమీ పంచాయితీయే. ఈ వాడుక వెనుక ఒక చరిత్ర ఉంది. నిజాం కాలంలో నల్లగొండ పల్లెల్లో జీతగాడికీ దొరకూ తగవు వస్తే, తీర్పు చెప్పేది దొర గడియే. కక్షిదారే న్యాయాధిపతి. 1946-51 రైతాంగ సాయుధ పోరాటంలో గ్రామ సంఘాలు వెట్టిని ఆపి, తగవును గడిలోంచి ఊరి నడుమకు తెచ్చాయి. ఆ సంఘాలు తటస్థమైనవి కావు. జీతగాడి పక్షమని బాహాటంగానే చెప్పుకున్నాయి. అయినా గడిలో నోరెత్తలేనివాడు తన మాట చెప్పుకోగలిగింది అక్కడే.

మరి యజమానికీ పనివాడికీ నడుమ తటస్థుడుగా ఉండటం సాధ్యమా? సాధ్యమైతే అది న్యాయమా?

తటస్థత వర్గ ప్రయోజనానికి ముసుగు అని మన మిత్రులు వెంటనే జవాబు చెబుతారు. ఇందులో సత్యం లేకపోలేదు. పని ఆగితే ఒకరికి లాభం తగ్గుతుంది, మరొకరికి పొయ్యి ఆరిపోతుంది. షావుకారు నేతగాడి మజూరీలో రెండు వందలు కోశాడనుకుందాం. మధ్యవర్తి వచ్చి, ఇద్దరికీ నొప్పి లేకుండా వంద కోతతో సరిపెట్టమంటాడు. ఇది న్యాయంలాగే కనిపిస్తుంది. కాని వచ్చే ఏడు షావుకారు నాలుగు వందలు కోస్తాడు, సగం తనకు దక్కుతుందని తెలుసు గనుక. నడిమికి చీల్చే మధ్యవర్తి ఎక్కువ లాక్కున్నవాడికి ఎక్కువ బహుమానమిస్తున్నాడు.

తెలంగాణ నుంచి వలసపోయిన నేతగాళ్లు కూడా చెమటోడ్చిన బొంబాయి మిల్లుల్లో ఈ ప్రశ్న మరో రూపంలో తలెత్తింది. రాజీ ప్రయత్నాలు ముగిసేదాకా సమ్మెను నిషేధించే బిల్లును 1938లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. సమ్మెను నేరం చేయడం కార్మికుణ్ణి బానిసను చేయడమేనని అంబేద్కర్ వాదించారు. ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి నవంబరు 7న ఒక్కరోజు సమ్మె జరిపారు. సంప్రదింపులు తగవని కాదు వారి వాదం. బలహీనుడి చేతిలోని ఒకే ఒక ఆయుధాన్ని లాక్కుని, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోమనడం తగదని. వద్దనే శక్తి లేనివాడి ఒప్పుకోలు ఒప్పందం కాదు.

అయితే ఇంతటితో ఆగిపోతే సగం సత్యమే చెప్పినట్లు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. గడువులోగా చేరనివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్లేనని ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరులో హైకోర్టు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో ఒక కమిటీ వేద్దామని సూచించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నవంబరు 25న, ప్రభుత్వంలో విలీనం కోర్కె నెరవేరకుండానే, కార్మిక సంఘాలు సమ్మె విరమించాయి.

ఇక్కడ మూడో మనిషిని వద్దన్నది ఎవరు? బలవంతుడు. తటస్థత ఎప్పుడూ బలవంతుడి ముసుగే అయితే, అతడు దాన్ని ఎందుకు కాదంటాడు? నిజమైన మూడో మనిషి ముందు లెక్కలు విప్పాలి, కారణాలు చెప్పాలి. ఆజ్ఞ ఇవ్వడానికి అలవాటుపడ్డవాడికి జవాబు చెప్పడమే ఓటమి.

కాబట్టి ఫలితాన్ని నడిమికి చీల్చడం వేరు, ఇద్దరి మాటనూ సమానంగా వినడం వేరు. మొదటిది పిరికితనం, రెండవది న్యాయానికి ఆరంభం. సమానంగా వినాలంటే ఖాతా పుస్తకం ఇద్దరి ముందూ ఉండాలి. పనివాడి పక్కన అతని సంఘం కూర్చోవాలి. చర్చకు గడువుండాలి. సమ్మె హక్కు చెక్కుచెదరకూడదు. ఇవి లేనిచోట తటస్థుడు పాత గడికి కొత్త గుమస్తా.

ఇది మనకూ వర్తిస్తుంది. సహకార సంఘంలోనో, మనవాళ్లు నడిపే బడిలోనో మనమే జీతాలిచ్చేవాళ్లమైనప్పుడు మూడో మనిషిని పిలుస్తామా? లేక ఇది మన ఇంటి విషయమంటూ తలుపు మూస్తామా? గడి గోడలు కూలినా, కక్షిదారే న్యాయాధిపతిగా కూర్చున్న ప్రతిచోటా గడి మళ్లీ లేస్తుంది, ఆ కూర్చున్నది మనమైనా సరే.