తాతగారి పడవ ఎవరిది?



మా ఇంట చిన్ననాటినుండి విన్న మాట ఒకటున్నది: "మన తాతకు సొంత పడవ ఉండేది." బకింగ్‌హామ్ కాలువ మీద ఒంగోలు సీమనుండి చెన్నపట్నం బేసిన్ బ్రిడ్జి వరకు కట్టెలు, ఉప్పు చేరవేసిన పడవ అది. మా కుటుంబం ఈ పట్నం చేరినది కూడా దాని మీదనే. ఈ యేడు తాతగారి సమాధికి కొత్త రాయి వేయించాలని, దానిపై "పడవ యజమాని" అని చెక్కించాలని తమ్ముళ్లు నిశ్చయించి, ఆ పని మాకు అప్పగించారు.

ఆ కాలువ మన సంఘములకు పరాయిది కాదు. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ దొరగారు మూడు మైళ్లకు పైగా త్రవ్వకపు కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ కరువు వెనుకనే.

రాయికి తేదీలు కావలసి పాత పెట్టె తెరిచాము. కుటుంబ బైబిలు క్రింద తాతగారి చిట్టా పుస్తకం దొరికింది. 1931 నాటి పుటలలో, ఆయన దస్తూరీలోనే, పడవ నంబరు, బస్తాల లెక్క, లాకుల దగ్గర కట్టిన సుంకం, చివర "షావుకారు ఇచ్చిన కూలి" అని ఉన్నవి. గాలి లేని దినములలో గట్టు వెంట తాడు లాగిన ముగ్గురి పేర్లు వేరుగా వ్రాశారు. వారిలో మొదటి పేరు ఆయనదే. సుంకం రసీదులలో యజమాని గడిలో మరొకరి పేరున్నది.

తమ్మునికి చూపితే, "ఎవరికి నష్టం అన్నయ్యా? తండ్రులను సన్మానించుమని కదా ఆజ్ఞ?" అన్నాడు. నిజమే, అది ఐదవ ఆజ్ఞ. అయితే తొమ్మిదవది అబద్ధసాక్ష్యమును గూర్చినది. రెండు రాత్రులు మాకు నిద్ర లేదు.

తాతగారు అబద్ధమాడారా? లేదని మా తలంపు. లారీ నడిపేవాడు "మా బండి" అనడా? బడిపంతులు "మా బడి" అనడా? లాగినవాడు "మన పడవ" అనుట న్యాయమే. కూలి అన్న మాటను ఆయన ఎన్నడూ దాచలేదు, సిరాతో వ్రాసిపెట్టారు. సిగ్గుపడినది మేము. "యజమాని" అని చెక్కించితే ఆయనను సన్మానించినట్లా, ఆయన పనిని కొట్టివేసినట్లా? మార్కు సువార్తలో జెబెదయితో దోనెలో జీతగాండ్రు కూడ ఉన్నారు. జెబెదయి పేరు మనకు తెలియును, వారి పేర్లు తెలియవు. మా తాత ఆ జీతగాండ్ర వరుసలోనివాడు. ఆయన పేరైతే మా చేతికి దొరికింది.

రాయి చెక్కేవానికి "పడవ లాగి బిడ్డలను పెంచినవాడు" అని వ్రాసి ఇచ్చాము. తమ్ముడు ఇంకను ముభావముగానే ఉన్నాడు. తొంబదేండ్ల మేనత్త ఏమంటుందోనని జంకుతూనే ఆ మాటలు చదివి వినిపించాము. ఆమె కొంతసేపు ఊరకుండి, "నాన్న కుడి భుజం మీద కాయ కాచి ఉండేదిరా. నేను దాని మీద తల పెట్టుకొని పడుకొనేదాన్ని" అన్నది.