పాస్టర్లు మారతారు, పునాది మారదు

వాక్యభాగము: 1 కొరింథీయులకు 3:5-11; హెబ్రీయులకు 13:7-8



మీ సహవాసంలో అయ్యగారు మారిన ఏడాది మీకు గుర్తుందా? వీసా సమస్య వల్లనో, పిల్లల చదువు వల్లనో, కొన్నిసార్లు మన మాటల వల్లనో ఒక దైవసేవకుడు వెళ్ళిపోతారు. వీడ్కోలు కూడికలో అందరం ఏడుస్తాం, బిర్యానీ తింటాం, ఫొటోలు దిగుతాం. ఆ తర్వాతి ఆదివారం నుంచి హాల్లో ఖాళీ కుర్చీలు కనిపించడం మొదలవుతుంది.

ఆ ఖాళీ కుర్చీల్లో ఒకటి నాది. నా పిల్లలకు బాప్తీస్మమిచ్చిన అయ్యగారు వెళ్ళిపోయాక మూడు నెలలు నేను ఆరాధనకు వెళ్ళలేదు. కొత్తాయన ప్రసంగం ఆత్మీయంగా లేదని ఇంట్లో అన్నాను. నిజానికి ఆయన ప్రసంగం నేను ఒక్కటే విన్నాను, అది కూడా పోల్చి చూస్తూ విన్నాను.

ఆ రోజుల్లో ఒంగోలు నుంచి ఒక పెద్దమ్మగారు కూతురి దగ్గరికి వచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చారు. నా సణుగుడంతా విని ఇలా అన్నారు: "నాకు బాప్తీస్మమిచ్చిన అయ్యగారు వేరు, పెళ్ళి చేసిన అయ్యగారు వేరు, మా ఆయన్ని మట్టి చేసిన అయ్యగారు వేరు నాయనా. చర్చి మాత్రం అదే." అంతకుమించి ఆమె ఏమీ బోధించలేదు. ఆ మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆమె సంఘం చరిత్రను ఒకసారి తలుచుకుందాం. అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య సేవను 1836లో ఆరంభించారు. మొదట వచ్చినవారు శామ్యూల్ డే. నెల్లూరులో కొన్నేళ్ళు ప్రయాసపడి, ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు లైమన్ జ్యూయెట్ దంపతులు కూడా వచ్చారు. ఫలం మాత్రం చాలా కొద్ది. 1853లో ఈ మిషన్ను మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. అదే ఏడాది డే మళ్ళీ వెళ్ళిపోయారు, ఇక తిరిగి రాలేదు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న ఒక కొండ మీద ఐదుగురు మోకరించారు. వారు జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు. ఆ ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

జవాబు వెంటనే రాలేదు. జాన్ క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న. అంటే ప్రార్థనకూ సంఘానికీ మధ్య సరిగ్గా పదమూడేళ్ళు. మనమైతే పదమూడు వారాలు పాస్టరుగారు లేకపోతే వేరే సహవాసం వెతుక్కుంటాం కదా!

ఇంకొక సంగతి చూడండి. గొప్ప కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం పొందారు. ఈ మాట చెప్పగానే మనకు క్లౌ గారి పేరే గుర్తొస్తుంది. కానీ ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తీస్మమిచ్చింది ఆయన కాదు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. ఒక మనిషి చేతిమీదుగా జరగలేదు గనుకే ఆ పని ఒక మనిషితో ఆగిపోలేదు. క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో ఆరాధన ఆగలేదు.

కొరింథు సంఘానికి పౌలు చెప్పింది ఇదే. నాటినవాడొకడు, నీళ్ళు పోసినవాడొకడు, వృద్ధి కలుగజేసినవాడు మాత్రం దేవుడు. అక్కడి విశ్వాసులు నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని వర్గాలు కట్టారు. పౌలు వారిలో తనవారిని మెచ్చుకోలేదు. మీలో బహు కొద్దిమందికే నేను బాప్తీస్మమిచ్చినందుకు దేవునికి స్తోత్రం అన్నాడు. తన పేరు మీద సంఘం నిలవకూడదని కోరుకునేవాడే నిజమైన కాపరి.

ఇదంతా మిషనరీ దొరల కాలం నాటి కథ, పరాయి దేశంలో ఉన్న మనకేమిటి అంటారా? మనకంటే ముందే సముద్రం దాటిన తెలుగువారిని చూడండి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. పాస్టరు లేకుండానే కూడుకుని, తమకొక కాపరి కావాలని స్వదేశానికి కబురు పంపారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వెళ్ళారు. ఆయనను పంపింది తెలుగు సంఘాలవారి సొంత మిషనరీ సొసైటీ. అదే ఏడాది డిసెంబరులో కియర్స్‌నీ తేయాకు తోటల్లో అక్కడి మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. చీలికల నొప్పిని కూడా ఆ సంఘాలు చవిచూశాయి. అయినా ఆరాధన నిలిచింది. పాస్టరు రాకముందు కూడుకోవడం నేర్చుకున్నవారికి, పాస్టరు పోయాక కూడుకోవడం కొత్త కాదు.

ప్రియులారా, మూడు మాటలు మనవి చేస్తాను.

వెళ్ళినవారిని గౌరవించండి. మీకు వాక్యం బోధించినవారిని జ్ఞాపకం చేసుకుని, వారి విశ్వాసాన్ని అనుసరించమని హెబ్రీ పత్రిక చెబుతుంది. ఆ వెంటనే, మారని యేసుక్రీస్తు వైపు మన కళ్ళు తిప్పుతుంది. ఆ రెండు వచనాలను విడదీయకండి. ఎవరైనా తప్పు చేసి వెళ్ళివుంటే దాన్ని కప్పిపుచ్చమని నేననడం లేదు. పెద్దలు దాన్ని సత్యంతో సరిదిద్దాలి. అప్పుడు కూడా పునాది క్రీస్తే.

వచ్చినవారికి సమయమివ్వండి. పాతవారి చొక్కా తెచ్చి కొత్తవారికి కొలవకండి. అపొల్లో పౌలులా మాట్లాడనవసరం లేదు, తన వంతు నీళ్ళు పోస్తే చాలు.

ఎవరూ లేని నెలల్లో మోకాళ్ళూనండి. నర్సు, జూలియా, రూతు పాస్టర్లు కారు. ఆ చలి తెల్లవారుజామున కొండెక్కినవారు, అంతే. మీ సహవాసంలో ఆ ముగ్గురి స్థానం ఈరోజు ఖాళీగా ఉందేమో చూడండి.

నేను నాలుగో నెలలో తిరిగి వెళ్ళాను. కొత్త అయ్యగారు ఎక్కడికి వెళ్ళారని అడగలేదు, చెయ్యి పట్టుకుని "మీ కుర్చీ ఉంచాం" అన్నారు. ఆ ఆదివారం వాక్యం నాకు బాగా వినబడింది. ప్రసంగం మారిందో, నా చెవులు మారాయో ప్రభువుకే తెలుసు.

ప్రార్థన: తండ్రీ, మాకు వాక్యం చెప్పిన ప్రతి సేవకుని కొరకు నీకు స్తోత్రాలు. వెళ్ళినవారిని దీవించు, వచ్చినవారిని బలపరచు. మేము మనుషుల మీద కాక, నీవు వేసిన పునాది మీద నిలిచేలా కృప చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.