స్వస్కంధారోహణము

గతమాసమున మా యింటి పాత ల్యాప్‌టాప్ కొఱకు ఒక ఎస్‌ఎస్‌డి తెప్పించితిని. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. తాళపత్రగ్రంథమునుండి ఒక ఆకును తీసి అడ్డముగా తుంచినట్లుండెను. దానిని ఎమ్.2 గాడిలో ఏటవాలుగా దూర్చి, అవతలి కొనను మెల్లగా అదిమి, ఒకేయొక మరను బిగించుటతో నా హస్తలాఘవమునకు పని తీఱినది. పాత హార్డ్ డిస్కు తన స్థానమున తానుండెను. యంత్రము కొత్త డ్రైవును గుర్తించినది గాని, ఆ యింట కాపురమున్నవాడెవ్వడును లేడు. అది కేవలము ఖాళీ.

ఖాళీయను మాటను నేను తేలికగా వాడితిని. ఫుజియో మసుఓకా తోషిబా సంస్థలో పనిచేయుచు 1980వ దశకమున లోకమునకు చూపిన ఈ ఫ్లాష్ జ్ఞాపకము, సులభముగా చెప్పవలెనన్న, విద్యుత్తు దాటలేని పొరల నడుమ ఎలక్ట్రానులను బంధించి యుంచు విద్య. బంధించినచో సున్న, వెడలగొట్టినచో ఒకటి. కావున పూర్తిగా చెఱిపిన ఫ్లాష్ కణములు సున్నలతో గాక ఒకట్లతో నిండియుండును. శూన్యమనగా అభావము కాదని చెప్పుటకు నాగార్జునుని యనుయాయులు ఎంత శ్రమపడిరో తలచుకొని నవ్వుకొంటిని. అయితే ఈ పోలికను సాగదీసినచో తెగును, విడిచిపెట్టుచున్నాను.

నన్ను నిజముగా పట్టుకొన్న సంగతి అటుపిమ్మట వచ్చినది. ఆపరేటింగ్ సిస్టమును ఇన్‌స్టాల్ చేయుటను ప్రతిష్ఠించుట యని తెలుగు చేసిన తప్పు లేదు. విగ్రహమునకు ప్రాణప్రతిష్ఠ చేయువాడు తాను ముందుగా గురువువలన దీక్ష పొందియుండవలెను గదా, ఇక్కడను అంతే. కొత్త డ్రైవులో సిస్టమును నెలకొల్పుటకు పెన్‌డ్రైవు కావలెను. ఆ పెన్‌డ్రైవును సిద్ధము చేయుటకు, అప్పటికే సిస్టముతో నడచుచున్న మఱియొక కంప్యూటరు కావలెను. ఆ కంప్యూటరులో సిస్టము ఎట్లు వచ్చినదనిన, దానికిని ఒక పెన్‌డ్రైవో డిస్కో పూర్వమందుండెను. యంత్రమును మేల్కొలుపుటను బూటింగ్ అందురు. తన జోళ్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట యను ఆంగ్లభాషలోని పరిహాసమునుండి ఆ పేరు పుట్టినది. మన శాస్త్రకారులు ఇదే మాటను తలక్రిందుగా చెప్పిరి: ఎంత చక్కగా శిక్షణ పొందిన నటవటువైనను తన భుజముపై తానెక్కజాలడు. మన శాస్త్రకారులు అసాధ్యమనిరని, ఆంగ్లపు మాట సాధ్యమన్నదని తోచును గాని, యంత్రమును విప్పి చూచిన మనవారిదే నిజము. ప్రాసెసరు కన్ను తెఱవగానే ఒక నియతస్థానమునుండి మొదటి యాదేశమును చదువును; ఆ స్థానమున బోర్డుమీది చిప్పులో ఎవరో ముందే వ్రాసియుంచిన ఫర్మ్‌వేరుండును; అది బూట్‌లోడరును, బూట్‌లోడరు కెర్నెలును, కెర్నెలు తక్కిన సంసారమును లేపును. ఎవరి భుజముపై వారెక్కుట లేదు. ఒకరి భుజముపై నొకరు.

నా వఱకు నేను దీనిని ఒక పొరపాటువలన నేర్చితిని. ఇన్‌స్టలేషను నిర్విఘ్నముగా సాగినది, తెఱ వెలిగినది, వేగమును చూచి పొంగిపోతిని. పాతదానితో ఇక పని లేదని మఱునాడు హార్డ్ డిస్కును ఊడదీసితిని. బూటు చేయదగిన పరికరమేదియు కానరాలేదని నల్లని తెఱపై తెల్లని వాక్యమొకటి నిలిచినది. మా మేనల్లునికి ఫోను చేయగా వాడు వచ్చి చూచి, “మామయ్యా, సిస్టమంతా కొత్తదాంట్లోనే ఉంది. బూట్‌లోడర్ మాత్రం పాత డిస్కులోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి పోయింది. ఇన్‌స్టాల్ చేసే ముందే పాతది తీసేయాల్సింది” అనెను. ఇన్‌స్టాలరు తప్పు చేయలేదు. వంద మెగాబైట్ల ఆ చిన్న గది పాత డిస్కులో నుండగా మఱియొకటి ఎందులకని తలచి, తొలిపిలుపును అచ్చటనే వ్రాసినది. దేహమంతయు కొత్తది, దానిని లేపు పిలుపు మాత్రము పూర్వజన్మయందున్నది. కొత్త బ్రతుకు మొదలుపెట్టితినని చెప్పు ప్రతివాని విషయమునను నాకీ యనుమానము అప్పటినుండి కలుగుచున్నది.

పిలుపునకు ముందొక పిలుపున్నచో ఈ గొలుసునకు మొదలెక్కడ? సంసారమునకు ఆది కలదాయను ఇట్టి ప్రశ్నకే శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున బీజాంకురమును దృష్టాంతముగా చూపిరి: విత్తునుండి మొలక, మొలకనుండి విత్తు, ఏది ముందన్నను రెండవది దానికి ముందుండును. మీమాంసకులలో కుమారిలభట్టు సృష్టిప్రళయములనే యొప్పుకొనలేదు. పదవ శతాబ్దపు నైయాయికుడైన ఉదయనుడు మాత్రము న్యాయకుసుమాంజలియందు ఈ గొలుసును పట్టి లాగెను. నేత, కుండచేత, లిపి మొదలగు విద్యలు ఒకరివలన నొకరికి వచ్చుచున్నవి గావున, మొట్టమొదట ఎవరివద్దను నేర్వక నేర్పినవాడొకడుండవలెను, వాడే యీశ్వరుడని ఆయన వాదములలో నొకటి. ఇన్‌స్టలేషను పరంపరను చూచినచో ఉదయనుడు గెలిచినట్లే యుండును. 1975వ సంవత్సరపు ఆల్టెయిర్ 8800 ముఖఫలకముపై స్విచ్చులుండెడివి. వానిని ఒక్కొక్కటిగా పైకి క్రిందికి వేయుచు మనుష్యుడే తొలి యాదేశములను వ్రేళ్లతో యంత్రమునకెక్కించెడివాడు. ఆ వ్రేళ్లకు ముందు పెన్‌డ్రైవు లేదు. ఇక్కడ గొలుసు తెగి చేతనుని చేయి కనబడుచున్నది.

అయినను కుమారిలుడు వాకిటనే నిలిచియున్నాడు. ఆ స్విచ్చులు వేసినవానికి అంకెలు నేర్పినదెవరు? యంత్రపు గొలుసు తెగినచోటనే మనుష్యుల గొలుసు తగిలియున్నది. ఉదయనుడు కోరిన ఆదిగురువు నాకు ఆల్టెయిర్ ముందు కూర్చున్నవానిలో దొరకలేదు. లేడనుటకును యంత్రము సాక్ష్యమీయదు. ఇది ఏ పక్షమునకును అక్కఱకురాని సాక్షి యని నా యభిప్రాయము.

ఈ పరంపరలో వచ్చునది మేలు మాత్రమే కాదు. 1983వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించిన కెన్ థాంప్సన్ తన యుపన్యాసమున చూపినదేమనగా, మనుష్యులు వ్రాసిన మూలగ్రంథమును యంత్రభాషలోనికి మార్చు ఒక కంపైలరులో దొంగ తలుపును పెట్టి, ఆ కంపైలరు తన తర్వాతి కంపైలరును పుట్టించునపుడు ఆ తలుపును దానిలోనికి తానే చేర్చునట్లు చేయవచ్చును. అటుపైని మూలగ్రంథమునుండి ఆ పంక్తులను తుడిచివేసినను, తలుపు తరతరములకు నిలిచియుండును. మూలమును ఎన్నిసార్లు చదివినను అందేమియు కనబడదు. పూర్వసంస్కారపు జాడను వాసన యని మనవారు దేనిని అనిరో దానికి ఇంతకంటె స్పష్టమైన యుదాహరణమును నేనెఱుగను. పూర్తిగా తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసితినని సంతోషించువాడు, ఆ తుడిచినదియు ఏదో పాత పనిముట్టుతోనేయని మఱచుచున్నాడు.

మేనల్లుడు అరగంట కూర్చుండి, కొత్త డ్రైవులోనే ఈఎఫ్ఐ పార్టిషను నొకదానిని చేసి, అందు బూట్‌లోడరును వ్రాసెను. పాత డిస్కు బల్లపైనుండగానే యంత్రము లేచినది. ఆ డిస్కును చెఱుపుటకు నాకు చేతులాడలేదు. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టితిని. వాడు చెప్పులు తొడుగుకొనుచు వెనుకకు తిరిగి, “మామయ్యా, ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వండి. మా ఫ్రెండొకడు కొత్త డ్రైవ్ కొన్నాడు, రాత్రికి వాడికి కావాలట” అనెను.