శిక్షణయా? శిక్షయా?



శిక్ష యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. దండనము ఒకటి, నేర్పుట మరియొకటి. వేదాంగములలో మొదటిదగు శిక్ష, వేదమును సుస్వరముగా పలుకుట నేర్పును. ధార్మిక సంస్థలు నడపు ఉన్నత పాఠశాలలలో ఈ రెండింటిలో దేనికి పెద్దపీట వేయవలెను?

భాగవత సప్తమ స్కంధమును స్మరింపుడు. ప్రహ్లాదుని గురువులైన చండామార్కులు శుక్రాచార్యుని కుమారులు, పండితులు. బాలుడు హరిని కీర్తింపగా వారు బెత్తము తెమ్మనిరి. వీనికి దండోపాయమే తగునని గద్దించిరి. ఆ బాలుడు చలింపలేదు. అట్లని క్రమశిక్షణను విడువను లేదు. గురువులను దైవముగా భావించెను, చెప్పిన పాఠమును శ్రద్ధగా వినెను. గురువులు గృహకృత్యములకై వెడలినపుడు తోటి బాలురకు భాగవత ధర్మమును బోధించెను. వారు ఆటలు మాని వినిరి. అతని చేత బెత్తము లేదు. హృదయమున దయ కలదు.

నియమములు వలదని నా అభిప్రాయము కాదు. వేకువనే లేచుట, స్నానము చేసి తిరునామము ధరించుట, సుప్రభాతము చదువుట, అన్నమును పారవేయకుండుట, సత్యము పలుకుట—ఇవి విద్యార్థికి అత్యావశ్యకములు. కాని, ప్రార్థనకు ఆలస్యముగా వచ్చిన బాలుని స్వామి సన్నిధిని మోకాళ్లపై నిలుపుట, అబద్ధమాడినవానిచే రామనామము వేయిమార్లు వ్రాయించుట కొన్నిచోట్ల కలదు. యోచింపుడు! రామకోటి వ్రాయు తాతగారికి అమృతమైన నామము మనుమనికి దండనమగుట న్యాయమా? శరణాగతులకు ఆశ్రయమైన సన్నిధి బాలునికి భయస్థానము కారాదు. ఆలస్యమునకు కారణమును ముందు అడుగవలెను. నిజము చెప్పినవానికి దెబ్బ తగిలినచో, మరునాడు వాడు నేర్చునది సత్యము కాదు, నేర్పుగా దాచుట.

2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. 2012 నాటి సవరణ వేదపాఠశాలలను ఆ చట్టపరిధి నుండి మినహాయించినది. చట్టము మినహాయించినను ధర్మము మినహాయింపదు. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు, విద్య ముగించిన శిష్యునకు సత్యధర్మములను ఆదేశించుచు, తమ నడతలో మంచిని మాత్రమే అనుసరింపుమనియు, తక్కినది వలదనియు చెప్పును. తన నడతను శిష్యుని పరీక్షకు నిలుపగల గురువునకు బెత్తముతో పనిలేదు. గంటకు ముందే వచ్చు ఉపాధ్యాయుని చూచి బాలుడు వేళ తప్పకుండుట నేర్చును.

తల్లిదండ్రులారా! “కొట్టియైనను దారిలో పెట్టుడు” అని బిడ్డను బడిలో విడిచి రావలదు. మీ యింట సత్యము, శాంతము ఉన్నచో బడిలో సగము పని తీరినట్లే.

స్తంభమున వెలసిన నృసింహుని ఉగ్రరూపమునకు దేవతలే భయపడిరి. ప్రహ్లాదుడు పాదములపై వ్రాలినంతనే ఆ స్వామి బాలుని లేవనెత్తి, శిరముపై కరకమలము నుంచెను. హిరణ్యకశిపుని చీల్చిన హస్తమే పసివాని తలపై అభయహస్తమయ్యెను. మన ఉపాధ్యాయుల చేతులకు ఆ చేయియే ఆదర్శమగుగాక!